వెజిటబుల్ ఆయిల్ పోసిన హైడ్రాలిక్ లిఫ్టు: లాసన్స్ బే కాలనీలో ఒక కేసు

కంప్లయింట్ మా దగ్గరికి వచ్చేసరికి అందులో మూడు ముక్కలున్నాయి. పొద్దున మొదటి ట్రిప్పులో లిఫ్టు పై నుంచి దిగి, గ్రౌండ్ ఫ్లోర్‌కి రెండంగుళాల పైనే ఆగిపోతోంది. పది గంటలు దాటాక అదే సర్దుకుంటోంది. రాత్రి ఎవరూ వాడకపోయినా మోటారు దానంతటదే ఆన్ అయి, క్యాబిన్ కాస్త పైకి లేచి ఆగుతోంది. మూడోది నైట్ వాచ్‌మన్ గొంతు తగ్గించి చెప్పాడు గానీ, అందులో దెయ్యాలేమీ లేవు. పంపుతో ఆయిల్ తోసి క్యాబిన్‌ని లేపే హైడ్రాలిక్ లిఫ్టు కిందికి జారితే తనను తాను లెవెల్‌కి తెచ్చుకోవడం (రీలెవెల్) దాని పని. ఎన్నిసార్లు తెచ్చుకుంటోందన్నదే అసలు ప్రశ్న.

వైజాగ్ లాసన్స్ బే కాలనీలో సముద్రానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న చిన్న హోటల్ అది. గ్రౌండ్ కాక పైన రెండు ఫ్లోర్లు. ఎనిమిది మంది ఎక్కే లిఫ్టు, అంటే మన లెక్కలో మనిషికి 68 కిలోల చొప్పున 544 కిలోలు. ఒక పెద్దావిడ బ్యాగు చక్రం గడపకి తగులుకుని ముందుకు తూలిపోయారట. అంతకు ముందు దాకా దీన్ని చిన్న ఇబ్బందిగానే చూసిన ఓనరు గారికి అప్పటి నుంచి టెన్షన్ మొదలైంది.

మాకంటే ముందు చూసిన ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) కంపెనీ, దిగేటప్పుడు వాల్వ్ తెరిచే డౌన్ సోలెనాయిడ్ కాయిల్ మార్చింది, షాఫ్టులో లెవెలింగ్ సెన్సర్ మార్చింది, ఆయిల్ రాకపోకల్ని నడిపే వాల్వ్ బ్లాక్ మీద అడ్జస్ట్‌మెంట్ స్క్రూలు తిప్పింది. మొదటి రెండింటితో నష్టం లేదు. స్క్రూలు తిప్పడమే చిక్కు. లోపల ముక్క జిగురు పట్టి కదలనప్పుడు స్క్రూ తిప్పితే ఆ పూటకి బాగానే ఉంటుంది. మధ్యాహ్నం ఆయిల్ వేడెక్కి ముక్క వదులయ్యాక అదే స్క్రూ లిఫ్టుని ధబీమని దింపుతుంది. మేం వెళ్ళేటప్పటికి ఏ స్క్రూ ఎక్కడుండాలో అక్కడ లేదు.

లిఫ్టు సంగతి

ఇది క్యాబిన్ అడుగున నేరుగా ర్యామ్ (సిలిండర్‌లోంచి ఆయిల్ తోపుకి పైకి లేచే స్తంభం) ఉండే పాత పద్ధతి లిఫ్టు. ర్యామ్ వ్యాసం 100 మిల్లీమీటర్లు, ప్రయాణం సుమారు 7 మీటర్లు, సిలిండర్ భూమిలో బోరు తవ్వి దింపారు. ఈమధ్య పెట్టేవాటిలో ఎక్కువగా ర్యామ్ పక్కన నిలబడి రోప్ మీద క్యాబిన్‌ని లేపుతుంది. ఇలా భూమిలోకి దిగిన సిలిండర్లు వైజాగ్‌లో తక్కువే. మార్బుల్ ఫ్లోర్ వేసిన బరువైన క్యాబిన్ కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు గేజ్ మీద 13 బార్, నిండుగా ఉంటే 20 బార్ చూపిస్తుంది. అంటే హైడ్రాలిక్స్ లెక్కలో చాలా తక్కువ ప్రెజర్. గాజువాక ఆటోనగర్‌లో ఏ జేసీబీ విప్పినా ఇంతకి పది రెట్లు కనిపిస్తుంది. ఈ తేడా తర్వాత పనికొస్తుంది, గుర్తు పెట్టుకోండి.

వెజిటబుల్ ఆయిల్ ఎందుకు పోశారంటే, పెరట్లో బోరుబావి ఉంది. వంటకీ స్నానాలకీ నీళ్ళు దాంట్లోవే. భూమిలో ఉన్న ఇనుప సిలిండర్ ఎప్పుడో తుప్పు పట్టి కారితే మినరల్ ఆయిల్ బోరులోకి దిగుతుందని ఓనరు గారి భయం. సముద్రం పక్కన ఉప్పు నేలలో ఆ భయం అర్థం లేనిది కాదు. రెనొవేషన్ సమయంలో వచ్చిన గ్రీన్ కన్సల్టెంట్ ఒకరు ఆవనూనె జాతికి చెందిన కనోలా ఆయిల్‌తో చేసిన బయో హైడ్రాలిక్ ఆయిల్ సూచించారు. ఆయన చూపించిన కాగితాల్లో న్యూయార్క్ స్టాట్యూ ఆఫ్ లిబర్టీ ఎలివేటర్ కోసం అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు ఇల్లినాయిస్‌లోని పియోరియా ల్యాబ్‌లో సోయా ఆయిల్‌తో ఫ్లూయిడ్ తయారు చేసిన సంగతి కూడా ఉంది. అది నిజమే. కాకపోతే అక్కడ పోసింది కొట్లో దొరికే సోయా నూనె కాదు. ఆక్సిడేషన్ (గాలిలోని ఆక్సిజన్‌తో ఆయిల్ పాడవడం) ఆపే మందులు, తుప్పు ఆపే మందులు కలిపి, పరీక్షించి, ఆ లిఫ్టు కోసమే తయారు చేసిన ఫ్లూయిడ్. ఆ తేడా కాగితాల్లోనూ ఉండే ఉంటుంది గానీ, మాటల్లో జారిపోయింది.

ఆయిల్‌లో మాత్రం తప్పు లేదు. వెజిటబుల్ ఆయిల్‌తో చేసే ఇలాంటి ఫ్లూయిడ్లకి ఐఎస్ఓ 15380 అనే ప్రమాణం ఉంది. అందులో ఈ జాతిని హెచ్ఈటీజీ అంటారు. డబ్బా మీద ఆ పేరూ ఉంది, వీజీ 46 అనీ ఉంది. వీజీ 46 అంటే 40 డిగ్రీల దగ్గర చిక్కదనం 46 సెంటీస్టోకులు, పది శాతం అటూ ఇటూగా.

మూత తీస్తే

మెషీన్ రూమ్ మెట్ల కింద గది. కిటికీ లేదు, ఫ్యాన్ లేదు. మధ్యాహ్నం ట్యాంకులో ఆయిల్ 58 డిగ్రీలుంది. మూత తీయబోతే వెంటనే రాలేదు, అంచుకి అతుక్కుని చిట్లినట్టు చప్పుడు చేసి లేచింది. మూత లోపలి వైపు తేనె రంగు పొర. గోరుతో గీస్తే గీత పడింది, ఆ గీత మళ్ళీ పూడలేదు. వాసన చూస్తే వడియాలు వేయించిన మూకుడు నాలుగు రోజులు కడక్కుండా వదిలేసినట్టు. కింద పిట్‌లో గ్లాండ్ (సిలిండర్ పై చివర ర్యామ్ చుట్టూ సీల్స్ ఉండే భాగం) నుంచి కారే ఆయిల్ పట్టే ట్రే చుట్టూ చీమల బారు. మినరల్ ఆయిల్ ట్రే దగ్గర చీమల్ని నేనెప్పుడూ చూడలేదు.

వాల్వ్ బ్లాక్ విప్పే ముందు ఒక పరీక్ష చేశాం. ఈ పరీక్ష చేయకుండా సీల్ కిట్ కొనిపించే టెక్నీషియన్ని నమ్మకండి. క్యాబిన్‌ని పై ఫ్లోర్‌లో ఆపి, బ్లాక్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉన్న షటాఫ్ వాల్వ్ కట్టేసి, క్యాబిన్ ఎంత జారుతుందో గుర్తు పెట్టాం. తర్వాత షటాఫ్ తెరిచి మళ్ళీ చూశాం. కట్టేసినప్పుడు జారుడు దాదాపు లేదు, తెరిస్తే ఉంది. అంటే ఆయిల్ వెనక్కి పోతోంది వాల్వ్ బ్లాక్ గుండా, సిలిండర్ నుంచి కాదు.

ఇక్కడొక లెక్క చెప్పాలి. ఆయిల్ చల్లబడితే కుంచించుకుపోతుంది, డిగ్రీకి వెయ్యో వంతులో ఏడు పదో వంతులు, అంటే 0.07 శాతం. క్యాబిన్ పైన ఉన్నప్పుడు ఈ సిలిండర్‌లో సుమారు 95 లీటర్లుంటుంది. ఒక్క డిగ్రీ చల్లబడితే క్యాబిన్ 8 మిల్లీమీటర్ల పైన దిగుతుంది, లీక్ ఏమీ లేకుండానే. అందుకే సాయంత్రం రద్దీ తగ్గాక రెండు మూడు సార్లు రీలెవెల్ కావడం ఏ హైడ్రాలిక్ లిఫ్టుకైనా మామూలే. వాచ్‌మన్ చెప్పినట్టు తెల్లవార్లూ చేస్తూ ఉండటం మాత్రం మామూలు కాదు.

క్యాబిన్‌ని పైపు స్టాండ్ల మీద నిలబెట్టి, ప్రెజర్ సున్నాకి తెచ్చి, మెయిన్ స్విచ్‌కి తాళం వేసి బ్లాక్ విప్పాం. డౌన్ లెవెలింగ్ పిస్టన్ చేత్తో నొక్కితే కదల్లేదు, కాసేపు పట్టి తోస్తే జిగురులోంచి వచ్చినట్టు వచ్చింది. వాల్వ్‌ని నడిపే ఆయిల్ వెళ్ళే పైలట్ రంధ్రం ముందుండే సన్నటి జాలీలో సగం కళ్ళు మూసుకుపోయాయి. డౌన్ వాల్వ్ కూర్చునే అంచు మీద గోధుమ రంగు మచ్చ ఒకటుంది. రాత్రి జారుడుకి ఆ మచ్చ చాలు, వాల్వ్ పూర్తిగా మూసుకోదు. పొద్దున సంగతీ అక్కడే తేలింది. రాత్రంతా కదలకుండా ఉన్న పిస్టన్ చుట్టూ జిగురు గట్టిపడుతుంది. మొదటి ట్రిప్పులో లెవెలింగ్ స్పీడుకి వచ్చాక పిస్టన్ సరిగ్గా తెరుచుకోక క్యాబిన్ పాకుతూ పాకుతూ వచ్చి, కంట్రోలర్‌లో పెట్టిన టైమ్ అయిపోయి రెండంగుళాల పైన నిలిచిపోతుంది. పది ట్రిప్పులు తిరిగి ఆయిల్ వేడెక్కాక జిగురు మెత్తబడుతుంది.

స్టోర్ రూమ్‌లో డబ్బాలు

ఇంత జిగురు ఒక మంచి హెచ్ఈటీజీ ఆయిల్ నుంచి, రెండో వేసవి కూడా దాటకుండా వచ్చిందంటే నాకు నమ్మకం కుదరలేదు. ఆయిల్ తగ్గినప్పుడు ఏం పోస్తున్నారని మెయింటెనెన్స్ చూసే ఆయన్ని అడిగాను.

"బయో ఆయిలు అయిపోనాదండి. ఆర్డరు పెడితే వచ్చీసరికి నెల పడతాది. డబ్బా మీద వెజిటబుల్ ఆయిలనే ఉంది కదా సార్, కిచెన్లో సన్‌ఫ్లవర్ ఉంటే అదే పోసీసినాం. మరేటి చేస్తామండి, లిఫ్టు ఆగిపోతే ఓనరు గారు ఊరుకుంటారేటి?"

స్టోర్‌లో పదిహేను కిలోల ఖాళీ డబ్బాలు చూపించాడు. పూర్ణామార్కెట్ నుంచి వంటకి తెచ్చినవే. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు కారణం కనిపించలేదు. ట్యాంకు మీద ఏ ఆయిలో రాసి లేదు, ఇది తప్ప ఇంకేదీ పోయకూడదని చెప్పినవాళ్ళు లేరు. స్పేర్ డబ్బా ఒక్కటి ఇచ్చి వెళ్ళుంటే ఈ కేసు ఇంత దాకా వచ్చేది కాదేమో.

సన్‌ఫ్లవర్ పోస్తే ఏమవుతుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. వంటనూనెలన్నీ కొవ్వు ఆమ్లాల కలగలుపు. ఒలీయిక్ ఆమ్లంలో ఒక ద్విబంధం (రెండు కార్బన్ పరమాణువుల మధ్య జంట లంకె), లినోలీయిక్‌లో రెండు, లినోలెనిక్‌లో మూడు ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్ పట్టుకునేది ఆ ద్విబంధాల పక్కనే. ఒలీయిక్‌తో పోలిస్తే లినోలీయిక్ పదింతలకి తక్కువ కాకుండా తొందరగా ఆక్సిడైజ్ అవుతుంది, లినోలెనిక్ ఇంకా ఎక్కువ. కనోలాలో అరవై శాతం దాకా ఒలీయిక్ ఉంటుంది, అందుకే హైడ్రాలిక్ ఆయిల్‌కి దాన్ని ఎంచుకుంటారు. మామూలు సన్‌ఫ్లవర్‌లో ఎక్కువ భాగం లినోలీయిక్కే. అవిసె నూనెలో సగానికి పైగా లినోలెనిక్ ఉంటుంది కాబట్టే తలుపులకి పూస్తే ఆరి పొర కడుతుంది. ఆ ఆరడం వేరు, ఈ ట్యాంకు మూత కింద జరిగింది వేరు కాదు. వేగంలోనే తేడా.

పైగా వంటనూనెలో ఫ్యాక్టరీ కలిపే ఆక్సిడేషన్ మందు వంటకి సరిపడేంతే. డబ్బా డబ్బా పోసిన కొద్దీ అసలు ఆయిల్‌లో ఉన్న మందు పలచబడుతూ వచ్చింది. నురగ ఆపే మందుదీ అదే గతి. ట్యాంకులో బుడగలు నిలిచిపోవడం, లిఫ్టు ఆగేటప్పుడు స్ప్రింగులా ఊగడం అందువల్లే.

ల్యాబ్ రిపోర్టు

శాంపిల్ ల్యాబ్‌కి పంపాం. చిక్కదనం 44 సెంటీస్టోకులని వచ్చింది. ఒక్క ఆ అంకె చూసి ఆయిల్ బాగుందని సంతకం పెట్టేవాళ్ళున్నారు. సన్‌ఫ్లవర్ నూనె చిక్కదనం 40 డిగ్రీల దగ్గర ముప్పై పైచిలుకే, అది కలిస్తే ఆయిల్ పలచబడాలి. ఆక్సిడేషన్ జరిగితే చిక్కబడాలి. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసి అంకెని మధ్యలో నిలబెట్టాయి. వెజిటబుల్ ఆయిల్ ఉన్న లిఫ్టులో చిక్కదనం ఒక్కటే చూసి దేన్నీ తేల్చకూడదు. చూడాల్సింది ఆయిల్‌లో ఎంత ఆమ్లం చేరిందో చెప్పే ఆసిడ్ నంబరు, నీళ్ళు.

ఆసిడ్ నంబరు 4 దాటింది. నీళ్ళు 1,300 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 1,300. ఈ రెండో అంకె వైజాగ్ వాళ్ళకి ముఖ్యం. మినరల్ ఆయిల్ నీటిని తనలో ఎక్కువ కలుపుకోదు, ఒకటి రెండు వందల పీపీఎం దాటితే మసకబారి, మిగతాది అడుక్కి దిగుతుంది. డ్రెయిన్ ప్లగ్ తిప్పితే పోతుంది. వెజిటబుల్ ఆయిల్ వెయ్యి పీపీఎం పైనే కడుపులో దాచుకుని, చూడ్డానికి తేటగానే ఉంటుంది. ఆ నీళ్ళు అక్కడ ఊరికే కూర్చోవు. ఆయిల్ అణువుని విరిచి కొవ్వు ఆమ్లాన్ని విడదీస్తాయి, ఆమ్లం ఇంకాస్త విరుపుకి తోడవుతుంది, ఇత్తడినీ రాగినీ తింటుంది. ఈ ట్యాంకుకి గాలి పీల్చుకునే చోట, అంటే బ్రీదర్ దగ్గర, ఉన్నది ఉత్త జాలీ మూత. క్యాబిన్ పైకి వెళ్ళినప్పుడల్లా యాభై అయిదు లీటర్ల ఆయిల్ సిలిండర్‌లోకి పోతుంది, దాని స్థానంలో అంత సముద్రపు గాలి ట్యాంకులోకి వస్తుంది. దిగినప్పుడు బయటికి పోతుంది. అంటే రోజంతా లిఫ్టు తేమ గాలిని పీల్చి వదులుతూ ఉన్నట్టే.

జింక్ కూడా కనిపించింది. బయో ఆయిల్‌లో జింక్ లేదని దాని డేటా షీట్లో ఉంది. జింక్ రెండు దారుల్లో రావచ్చు. జీఐ పైపులాంటి జింక్ పూతని ఆమ్లం తింటే రావచ్చు, లేదా పాత మినరల్ ఆయిల్‌లో అరుగుదల ఆపడానికి కలిపే జింక్ మందు మిగిలిపోయి ఉండొచ్చు. బ్రీదర్ దగ్గర ఒక జీఐ ముక్క ఉంది గానీ, అదంత జింక్ ఇవ్వలేదు. పాత ఆయిల్ ఉండిపోయిందన్నది కాగితం మీదే తేలిపోయింది.

ఎలాగంటే, సిలిండర్ లోపలి వ్యాసం 130 మిల్లీమీటర్లు, ర్యామ్ 100. లిఫ్టు పూర్తిగా దిగినా ఆ మధ్య సందులో 40 లీటర్ల ఆయిల్ ఉంటుంది. పైగా ఈ సిలిండర్‌కి ఆయిల్ పైపు పై చివర ఉంది. కాబట్టి అడుగున ఉన్నది ఎప్పుడూ పెద్దగా కదలదు. ఆయిల్ మార్చినవాళ్ళు ట్యాంకులోని 200 లీటర్లు తోడేసి, కొత్తది పోసి, పని అయిపోయిందనుకున్నారు. 240లో 40, అంటే ఆరో వంతు పాత ఆయిలే. హెచ్ఈటీజీకి మారేటప్పుడు పాత మినరల్ ఆయిల్ రెండు శాతం మించి ఉండకూడదంటారు. పూర్తిగా కలుస్తుందనుకున్నా మొదటి ఫిల్లింగ్ తర్వాత 17 శాతం, రెండో దాని తర్వాత 3 శాతానికి కాస్త తక్కువ, మూడోది పోస్తే గానీ రెండు లోపు రాదు. అడుగున కదలనిది ఉంటే మూడు కూడా చాలవు. పాత మందులూ కొత్త ఆయిల్ ఆమ్లాలూ కలిస్తే సబ్బులాంటి మడ్డి వస్తుంది. ఫిల్టర్ అడుగున మాకు దొరికింది అదే, వేళ్ళ మధ్య రుద్దితే బంకగా, బూడిద రంగులో.

రెండు వేల గంటల లెక్క

నా దృష్టిలో అసలు పొరపాటు కిచెన్ డబ్బా కాదు. దానికన్నా ముందే, కన్సల్టెంట్ ఇచ్చిన ఆయిల్ మార్పు షెడ్యూల్లో ఉంది. డేటా షీట్ ప్రకారం ఆయిల్ 2,000 పని గంటలకి మార్చాలి. హైడ్రాలిక్ లిఫ్టులో మోటారు పైకి వెళ్ళేటప్పుడే తిరుగుతుంది, దిగేది ఆయిల్ వదిలేసి. ఈ హోటల్ వాడకానికి మోటారు రోజుకి అరగంట కూడా తిరగదు, ఏడాదికి నూట యాభై గంటలు. అలా లెక్కేస్తే పదమూడేళ్ళు వస్తుంది, షెడ్యూల్లో పదేళ్ళని సర్ది రాశారు.

అడవిలో చెట్లు నరికే మెషీన్లకీ, ట్రాక్టర్లకీ ఆ గంటల లెక్క సరిపోతుంది. అవి రోజంతా తిరుగుతాయి, ఏడాదిలో ఆయిల్ మార్పుకి వస్తాయి. చెయిన్ సాకి వెజిటబుల్ ఆయిల్ ఇంకా బాగా పనికొస్తుంది, ఎందుకంటే అది పోసినట్టే ఖర్చయిపోతుంది, పాతబడే అవకాశమే లేదు. లిఫ్టులో ఆయిల్ రోజులో ఇరవై మూడు గంటల పైన ఊరికే కూర్చుంటుంది. కూర్చున్నంతసేపూ గాలీ తేమా వేడీ తమ పని తాము చేస్తూనే ఉంటాయి. పది డిగ్రీలు పెరిగితే ఆక్సిడేషన్ వేగం రెట్టింపవుతుందని మా వాళ్ళు వాడే మోటు లెక్క. ఆయిల్ 58 డిగ్రీలకి చేరే గదిలో మోటారు గంటలు లెక్కపెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. మినరల్ ఆయిల్ ఈ నిర్లక్ష్యాన్ని ఏళ్ళ తరబడి భరిస్తుంది, వెజిటబుల్ ఆయిల్ భరించదు. నేలలో పడితే సూక్ష్మజీవులకి సులువుగా అరిగే గుణం, ట్యాంకులో నీళ్ళకీ ఆక్సిజన్‌కీ లొంగే గుణం, రెండూ ఒకే అణువువి.

ఇందాక చెప్పిన 20 బార్ సంగతి. వెజిటబుల్ ఆయిల్ గొప్పల్లో అరుగుదల తగ్గించే జారుడు గుణం ఒకటి, అది నిజమే కూడా. కానీ ఇంత తక్కువ ప్రెజర్లో పంపు అరుగుదల ఎవరికీ సమస్య కాదు. లాభం అక్కర్లేని చోట, నష్టం ఖాయమైన చోట ఆ ఆయిల్‌ని కూర్చోబెట్టారు.

చేసిన పని

క్యాబిన్ స్టాండ్ల మీదే ఉంచి, ర్యామ్‌ని దాన్నుంచి విడదీసి కిందికి దింపాం. గ్లాండ్ తీసి, ర్యామ్ పక్క సందులోంచి 10 మిల్లీమీటర్ల నైలాన్ ట్యూబ్ అడుగు దాకా దించి సక్షన్ పంపుతో లాగాం. మొదట వచ్చింది బయో ఆయిల్ రంగులో, చివర్లో వచ్చింది నల్లగా. ఆ నల్లటిది ఓనరు గారికి గాజు గ్లాసులో పట్టి చూపిస్తే మాటలతో పని లేకపోయింది.

గట్టిపడ్డ పొర డీజిల్‌కి కరగదు. కొత్త ఆయిల్ పోసి తిప్పితే అదే పోతుందనేది వట్టి మాట. స్టీలు భాగాల్ని వేడి కాస్టిక్ నీళ్ళలో నానబెట్టాం. వాల్వ్ బ్లాక్ అల్యూమినియం, కాస్టిక్ తగిలితే బ్లాకే పోతుంది, దానికి సాల్వెంటూ ఓపికా. సీల్స్ మొత్తం మార్చాం. తీసిన వాటిలో పాలీయురెథేన్ వైపర్ చేత్తో విరిచితే బిస్కెట్‌లా విరిగింది. నీళ్ళూ ఆమ్లమూ ఉన్నచోట ఆ రకం పాలీయురెథేన్ నిలవదు. ట్యాంకు తుడవడానికి నూలు వేస్ట్ వాడనివ్వలేదు, దాని పోగులు పైలట్ రంధ్రాల్లోకి చేరతాయి.

వేస్ట్ గురించి ఇంకో మాట. వెజిటబుల్ ఆయిల్ మండే ఉష్ణోగ్రత మినరల్ కంటే ఎక్కువ, అందుకని ఇది సేఫ్ అంటారు. ట్యాంకులో ఉన్నంత వరకు ఆ మాట సరే. కానీ ఆరే గుణమున్న నూనె నానిన గుడ్డలు కుప్పగా పడేస్తే ఆక్సిడేషన్ వేడి బయటికి పోక, నిప్పు లేకుండానే అంటుకోగలవు. ఈ మెషీన్ రూమ్‌లో ట్యాంకు వెనక అలాంటి గుడ్డల కుప్ప ఉంది, కిటికీ లేని గదిలో. మా కుర్రాళ్ళు ముందు దాన్ని బయటికి తీసి, నీళ్ళలో తడిపి, ఆ తర్వాతే స్పానర్ పట్టారు.

పాత ఆయిల్ కొనడానికి స్క్రాప్ ఆయిల్ అతను ఒప్పుకోలేదు. మినరల్ ఆయిల్ రీసైక్లింగ్‌లో వంటనూనె కలిస్తే వాళ్ళకి బ్యాచ్ పాడవుతుందట. 2016 హజార్డస్ వేస్ట్ నియమాల కింద పర్మిషన్ ఉన్నవాళ్ళకి మిశ్రమమని రాసిచ్చి పంపాల్సి వచ్చింది. నేలలో అరిగిపోతుంది కదా, డ్రెయినేజీలో పోసేద్దామా అని ఒకరు అడిగారు. అరిగేటప్పుడు నీళ్ళలోని ఆక్సిజన్ అంతా లాగేసుకుంటుంది, అది సముద్రానికి పోయే కాలువ. పైగా అందులో అప్పటికే మినరల్ ఆయిల్, జింక్ ఉన్నాయి.

మళ్ళీ ఏ ఆయిల్

ఇక్కడ నాకూ ఓనరు గారికీ అభిప్రాయం కలవలేదు. నేనైతే మంచి మినరల్ వీజీ 46 పోసి, బోరుబావి భయానికి మందు ఆయిల్లో కాదు, సిలిండర్లో వెతికేవాణ్ణి. ముందు సిలిండర్ కారుతోందో లేదో తేల్చాలి. కొత్త సీల్స్ వేశాక నిండు బరువుతో షటాఫ్ కట్టి రాత్రంతా ఉంచాం. ఆయిల్ చల్లబడిన లెక్క తీసేస్తే మిగిలిన జారుడు గ్లాండ్ ట్రేలో పడిన ఆయిల్‌తో సరిపోయింది. భూమిలోకి ఏమీ పోవట్లేదు. ఇక ముందు పోకుండా ఉండాలంటే పోసే ప్రతి లీటరూ, ట్రేలో పట్టే ప్రతి లీటరూ పుస్తకంలో రాయాలి. రెండింటి మధ్య తేడా పెరిగిన నెలలో లిఫ్టు ఆపాలి. సిలిండర్ మార్చే రోజు వస్తే బయట పీవీసీ తొడుగు వేసి, అడుగు రెండు పొరలున్నది పెట్టాలి. ఒక్క పొర అడుగున్న పాత సిలిండర్ తుప్పు పట్టి ఊడితే బోరు సంగతి తర్వాత, క్యాబిన్ పడిపోతుంది.

ఓనరు గారు అన్నీ విని, "మీరు చెప్పింది బానే ఉందండీ, కానీ ఆ నీళ్ళు మా పిల్లలు కూడా తాగుతారు" అన్నారు. అది కాదనగలిగే మాట కాదు. అందుకని సాచురేటెడ్ సింథటిక్ ఎస్టర్ (ఫ్యాక్టరీలో తయారు చేసే ఒక రకం ఆయిల్) పోశాం, ఐఎస్ఓ 15380లోనే హెచ్ఈఈఎస్ జాతిది. ఇదీ నేలలో అరుగుతుంది. ద్విబంధాలు దాదాపు లేవు కాబట్టి జిగురు కట్టే బెడద చాలా తక్కువ. నీళ్ళకి విరిగే గుణం మాత్రం కొంత ఉంది. ధర మినరల్‌కి కొన్ని రెట్లు. ఖర్చు తగ్గించడానికి మొదటి రెండు ఫ్లషింగులూ ఆ ఆయిల్‌తో పని లేకుండా, జింక్ లేని పలచటి ఫ్లషింగ్ ఆయిల్‌తో చేసి, దాన్ని కూడా అడుగు దాకా లాగేసి, చివరిది మాత్రమే అసలు ఆయిల్ పోశాం.

మెషీన్ రూమ్ తలుపుకి జాలీ పెట్టించి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయించాం. ట్యాంకు 50 డిగ్రీల లోపే ఉంటోంది. జాలీ మూత తీసేసి సిలికా జెల్ బ్రీదర్ పెట్టాం, జీఐ ముక్క తీసి స్టెయిన్‌లెస్ వేశాం. సిలికా జెల్ రంగు మారడం చూసి మార్చడం మెయింటెనెన్స్ ఆయనకి అప్పగించాం. వానాకాలంలో అది మేం అనుకున్న దాని కంటే తొందరగా మారుతోంది, వైజాగ్ గాలికి ఇంకాస్త పెద్దది పెట్టాల్సింది. ట్యాంకు మీద ఆయిల్ పేరు, గ్రేడు, పోసిన తేదీ తెలుగులో పెయింట్ చేయించి, పక్కన అదే ఆయిల్ ఇరవై లీటర్ల స్పేర్ డబ్బా తాళంలో పెట్టాం.

స్క్రూలన్నీ తయారీదారు షీట్ ప్రకారం మొదటి నుంచీ సెట్ చేశాక, పొద్దున మొదటి ట్రిప్పులో కూడా లిఫ్టు 10 మిల్లీమీటర్ల లోపు తేడాతో ఆగుతోంది. యూరప్ కోడ్ ఈఎన్ 81-20 అడిగేదీ అంతే. రాత్రి రీలెవెల్ ఆయిల్ చల్లబడేటప్పుడు ఉంటుంది, తర్వాత ఆగుతుంది. ఆరు నెలల శాంపిల్‌లో ఆసిడ్ నంబరు కొత్త ఆయిల్‌కి దగ్గర్లోనే ఉంది, నీళ్ళు 400 పీపీఎం. ఆ నీళ్ళ అంకె నాకు నచ్చలేదు. పెద్ద బ్రీదర్ ఆర్డరు పెట్టాం, ర్యామ్ మీద ఒకచోట ఉన్న గీతకి పాలిష్ పని కూడా మిగిలుంది. సీజన్ అయ్యాక, రూములు ఖాళీగా ఉన్న రోజు చూసి చేస్తాం.